పడవ బ్యాటరీతో ల్యాప్‌టాప్: ఇన్వర్టర్ లేకుండా నడిపితేనే లాభం

తుపాను వస్తే మన దివిసీమలో మొదట పోయేది కరెంటు. ఆఖరున వచ్చేదీ కరెంటే. గాలివాన ఒక్క రాత్రిలో వెళ్ళిపోతుంది. పడిపోయిన స్తంభాలు లేపి, తీగలు లాగి, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసి లైను ఇచ్చేసరికి మాత్రం లంక గ్రామాలకు రోజులు పడుతుంది. ఆ రోజుల్లోనే రైతుకు ఫోను, కంప్యూటర్ అవసరం ఎక్కువ. తుపాను ఎటు పోతోందో తెలుసుకోవాలి, పడిపోయిన చేను ఫొటోలు భద్రం చేసుకోవాలి, పాసు పుస్తకం, బ్యాంకు కాగితాల నకళ్ళు చూసుకోవాలి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళ పరీక్షలు, దరఖాస్తులు ఆగవు. ఎకరం, రెండెకరాల రైతుల ఇళ్ళలో కూడా పిల్లల చదువు కోసం ల్యాప్‌టాప్ కొంటున్నారు.

1977 నవంబర్ 19 నాటి ఉప్పెన మనకు ఎంత నష్టం చేసిందో చెప్పనక్కర్లేదు. ఆ రోజు చాలా ఊళ్ళకు కబురే అందలేదు. ఇప్పుడు మచిలీపట్నంలోనే వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్ ఉంది. మబ్బు ఎటు కదులుతోందో ఆ బొమ్మలు ఇంట్లో కూర్చుని చూడవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రంలో అలల ఎత్తు, చేపలు దొరికే చోట్లు చెబుతోంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను గానీ, 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర దాటిన మొంథా గానీ ముందుగా తెలిసే వచ్చాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కూడా కింద లంకలవాళ్ళు గంట గంటకూ అంకెలు చూసుకున్నారు. కబురు ఉంది. దాన్ని అందుకునే పెట్టెలో ఛార్జింగ్ ఉండాలి, అంతే.

కృష్ణ పాయల మధ్య బతికే రైతుకు పడవ ఎడ్లబండి లాంటిది. ఎరువుల బస్తాలు, పశువుల మేత, కూరగాయలు అన్నీ దాని మీదే. ఆ పడవలో బ్యాటరీ ఉంటే కరెంటు లేని రోజుల్లో అదే ఆధారం. కానీ తెలిసీ తెలియకుండా వాడితే రెండు నష్టాలు. ఒకటి, బ్యాటరీలో ఉన్నదాంట్లో మూడో వంతు దారిలోనే వృథా అవుతుంది. రెండోది ఇంకా పెద్దది. బ్యాటరీ దిగిపోయి, నీళ్ళు పెరిగిన రాత్రి పడవ ఇంజను సెల్ఫ్ అందుకోదు. ఈ రెండూ జరక్కుండా ఏం చేయాలో చూద్దాం.

ముందు బ్యాటరీ ఏ రకమో చూసుకోండి

చూడటానికి అన్ని బ్యాటరీలూ ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం రెండు రకాలు.

ఇంజనును తిప్పటానికి పెట్టేది మొదటి రకం. ట్రాక్టర్లకు, లారీలకు, పెద్ద పడవలకు ఉండేది ఇదే. దీని పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. రెండు మూడు సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఇంజనును తిప్పటం దాని పని. తర్వాత ఆల్టర్నేటర్ మళ్ళీ నింపేస్తుంది. దీన్ని గంటల తరబడి కొద్దికొద్దిగా పిండితే పలకలు పాడైపోతాయి. నాలుగైదుసార్లు పూర్తిగా దింపేస్తే అది మళ్ళీ మునుపటిలా పనిచేయదు.

ఇంటి ఇన్వర్టర్లకు, సోలార్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ రెండో రకం. దీని పలకలు మందం. నిదానంగా, ఎక్కువసేపు ఇవ్వటానికి తయారుచేసింది. ల్యాప్‌టాప్‌కు, లైట్లకు, ఫోన్లకు ఇదే సరి.

అందువల్ల మొదటి సూత్రం ఇది: ఇంజను బ్యాటరీ వేరు, వాడకం బ్యాటరీ వేరు. గిలకలదిండి రేవులో మరబోట్లవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు, లైట్లు అన్నీ బ్యాటరీ మీదే నడవాలి, ఇంజనూ అందుకోవాలి. సముద్రం మధ్యలో ఇంజను అందుకోకపోతే దగ్గరలో తోసేవాడు ఉండడు. వరదలో చిక్కిన లంకవాడి పరిస్థితీ అదే. రెండో బ్యాటరీ కొనే స్తోమత లేకపోతే, ఉన్న ఇంజను బ్యాటరీ నుంచి ఫోను వరకు సరిపెట్టుకోండి. ల్యాప్‌టాప్ దాని జోలికి వెళ్ళకూడదు.

చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే చిన్న ఇంజను పడవలకు ఈ బాధ లేదు. వాటిలో బ్యాటరీ లైటు కోసమే పెట్టుకుంటారు కనుక దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. కాకపోతే ఆ ఇంజనుకు ఆల్టర్నేటర్ లేకపోతే బ్యాటరీని విడిగా నింపుకోవాలి.

బ్యాటరీలో ఎంత ఉంది? ఎంత వాడుకోవచ్చు?

బ్యాటరీ మీద 12 వోల్టులు, 100 ఏహెచ్ అని ఉందనుకుందాం. ఏహెచ్ అంటే ఆంపియర్ గంటలు. 5 ఆంపియర్ల చొప్పున వాడితే 20 గంటలు వస్తుందని అర్థం. ఈ రెండు అంకెలను గుణిస్తే 1200. ఇది వాట్ గంటల లెక్క. కరెంటు మీటర్లో చెప్పాలంటే ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ, అంతే. ఇంత బరువున్న బ్యాటరీలో ఉన్నది ఒక యూనిట్ కరెంటేనా అని ఆశ్చర్యపోవచ్చు. నిజం అదే. అందుకే దాన్ని చూసి చూసి ఖర్చుపెట్టాలి.

ఆ 1200లో కూడా సగమే మనది. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దింపుతూ పోతే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. గాదెలో విత్తనం వడ్లు పక్కన పెట్టి మిగిలినవి వండుకున్నట్టు, సగం పక్కన పెట్టి 600 వాట్ గంటలే మనవి అనుకోవాలి.

ఇప్పుడు ఖర్చు లెక్క. తెర వెలుతురు తగ్గించి, మామూలు రాతపని చేసుకుంటే ల్యాప్‌టాప్‌కు గంటకు సుమారు 30 వాట్లు కావాలి. సినిమాలు, ఆటలు పెడితే 50, 60 దాకా పోతుంది. ఫోను ఒకసారి పూర్తిగా నింపటానికి సుమారు 20 వాట్ గంటలు చాలు. 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు నాలుగు గంటలు వెలిగినా అంతే. చేతి రేడియో అన్నిటికన్నా తక్కువ వాడుతుంది. అంటే ల్యాప్‌టాప్ రెండు గంటలు నడిచే కరెంటుతో మూడు ఫోన్లు నిండుతాయి. ఏది ముందో, ఏది తర్వాతో దీన్నిబట్టి మీరే తేల్చుకోవచ్చు.

రొయ్యల చెరువులున్న రైతులు ఈ బ్యాటరీతో ఏరేటర్ తిప్పవచ్చా అని అడుగుతుంటారు. కుదరదు. 2 హార్స్‌పవర్ మోటారుకు 1500 వాట్లు కావాలి. మనకున్న 600 వాట్ గంటలు అరగంట కూడా రావు. చెరువుకు డీజిల్ జనరేటర్ తప్పదు.

కరెంటు ఎక్కడ కారిపోతోంది?

సాధారణంగా అందరూ చేసే పని ఏమిటంటే, బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి, దానికి ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చటం. పని జరుగుతుంది, కాదనం. కానీ లోపల ఏం జరుగుతోందో చూడండి.

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ దాన్ని 230 వోల్టుల ఏసీగా పెంచుతుంది. ఆ ఏసీని ల్యాప్‌టాప్ ఛార్జర్ మళ్ళీ 19, 20 వోల్టుల డీసీకి దించుతుంది. ల్యాప్‌టాప్‌కు కావాల్సింది 20 వోల్టులైతే మధ్యలో 230 దాకా ఎక్కి దిగటం దేనికి? పక్క బోదెలో ఉన్న నీటిని ఇంజను పెట్టి మిద్దె మీది తొట్టిలోకి తోడి, అక్కడినుంచి కిందికి వదిలి చేను తడిపినట్టు ఉంటుంది. నీళ్ళు చేనుకు వస్తాయి. డీజిల్ మాత్రం దండగ.

అంకెల్లో చూద్దాం. ల్యాప్‌టాప్‌కు 30 వాట్లు అందాలంటే, ఛార్జర్ వేడి రూపంలో పోగొట్టేది కలిపి దానికి 34 వాట్లు ఇవ్వాలి. ఆ 34 ఇవ్వటానికి ఇన్వర్టర్ మార్పిడిలో నాలుగు వాట్లు పోగొడుతుంది. అది కాక ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే సుమారు 10 వాట్లు సొంతానికి వాడుకుంటుంది. ఇల్లంతటికీ సరిపడే పెద్ద ఇన్వర్టర్ అయితే ఇంకా ఎక్కువ. మొత్తం 48 వాట్లు అయింది. 600ను 48తో భాగిస్తే పన్నెండున్నర గంటలు.

అదే 12 వోల్టుల నుంచి నేరుగా 20 వోల్టులకు పెంచే డీసీ ఛార్జర్ వాడితే నూటికి 90 వంతులు ల్యాప్‌టాప్‌కు చేరతాయి. 30 వాట్లకు బ్యాటరీ నుంచి 33 పోతాయి. 600ను 33తో భాగిస్తే 18 గంటలు. బ్యాటరీ అదే, ల్యాప్‌టాప్ అదే. మధ్యలో ఒక పెట్టె తీసేసినందుకు అయిదున్నర గంటలు కలిసొచ్చాయి.

ఇంకో లాభమూ ఉంది. తడిసిన పడవలో, తడి చేతులతో 230 వోల్టుల ప్లగ్గు పట్టుకోవటం ప్రాణం మీదికి తెచ్చుకోవటమే. 12 వోల్టులతో షాకు భయం లేదు.

ఇన్వర్టర్ తప్ప వేరే దారి లేనివాళ్ళు ఒక పని చేయవచ్చు. రోజంతా ఆన్‌లో ఉంచకుండా, ల్యాప్‌టాప్, ఫోన్లు అన్నీ ఒకేసారి గుచ్చి గంటన్నర, రెండు గంటల్లో నింపేసి ఇన్వర్టర్ ఆపేయాలి. తర్వాత ల్యాప్‌టాప్‌ను దాని లోపలి బ్యాటరీ మీద వాడుకోవాలి. ఇన్వర్టర్ సొంత ఖర్చు అంతమేరకు తగ్గుతుంది.

నేరుగా ఛార్జింగ్ ఎలా?

ముందుగా మీ ల్యాప్‌టాప్ ఛార్జర్ తిరగేసి దాని మీది చీటీ చదవండి. అవుట్‌పుట్ అన్నచోట వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించండి. 65 వాట్లు. మీకు కావాల్సిన డీసీ ఛార్జర్ అంతకు తగ్గకుండా ఉండాలి.

ఈమధ్య వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఫోనుకు ఉన్నట్టే టైప్-సి రంధ్రం ఉంటోంది. దాని ద్వారా ఛార్జింగ్ తీసుకునే రకమైతే పని సులువు. కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చుకునే టైప్-సి ఛార్జర్లు దొరుకుతాయి. దాని మీద పీడీ అని, 45 లేదా 65 వాట్లు అని రాసి ఉండాలి. మామూలు ఫోను ఛార్జర్ ల్యాప్‌టాప్‌కు చాలదు. ఎన్ని వోల్టులు కావాలో ల్యాప్‌టాప్, ఛార్జర్ తమలో తామే తేల్చుకుంటాయి కనుక ఎక్కువ వోల్టేజి వెళ్తుందన్న భయం లేదు.

పాతరకం గుండ్రటి పిన్ను ల్యాప్‌టాప్‌లకు కారులో వాడే ల్యాప్‌టాప్ ఛార్జర్ అని అడిగి తీసుకోవాలి. మూడు విషయాలు సరిపోవాలి: వోల్టులు మీ ఛార్జర్ మీద ఉన్నన్నే ఉండాలి, పిన్ను సైజు సరిపోవాలి, పిన్ను లోపల ప్లస్సు, బయట మైనస్సు అన్నది కలవాలి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు తమ ఛార్జరును గుర్తుపడితేనే ఛార్జింగ్ తీసుకుంటాయి. అందువల్ల ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళి, దుకాణంలోనే పెట్టి చూసుకుని కొనాలి. బ్యాటరీ తీగలను సరాసరి ల్యాప్‌టాప్ పిన్నుకు కలిపే ప్రయోగాలు చేయవద్దు.

పెద్ద పడవల్లో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేసి ఉంటారు. దాన్ని 12 వోల్టుల ఛార్జర్‌కు ఇస్తే కాలిపోతుంది. 12 నుంచి 24 వరకు పనిచేస్తుందని రాసి ఉన్నదే కొనాలి. రెండింటిలో ఒక్క బ్యాటరీ నుంచి తీగలు లాగి 12 వోల్టులు తీసుకుంటారు కొందరు. అలా చేస్తే ఒకటి దిగి, రెండోది ఎక్కువ ఛార్జి అయ్యి రెండూ పాడవుతాయి.

వైరు సన్నమైతే బ్యాటరీ ఉన్నా లేనట్టే

12 వోల్టుల పనిలో వైరు మందం చాలా ముఖ్యం. 65 వాట్ల ఛార్జర్ పూర్తిగా పనిచేస్తున్నప్పుడు బ్యాటరీ నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి ల్యాప్‌టాప్ దగ్గరకు 3 మీటర్లు అనుకుంటే, రానూ పోనూ 6 మీటర్ల వైరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేస్తే దారిలోనే 0.6 వోల్టు పడిపోతుంది. అంటే నూటికి 5 వంతులు వైరు వేడెక్కటానికే సరి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పావు వోల్టుతో పోతుంది. సన్న వైరుతో ఇంకో చిక్కు ఉంది. సగం ఛార్జింగ్ ఉండగానే ఛార్జరుకు వోల్టేజి చాలక ఆగి ఆగి పనిచేస్తుంది. మనం బ్యాటరీని తిట్టుకుంటాం. తప్పు వైరుది.

ఎర్ర వైరుకు, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరిగా పెట్టాలి. మోటారు సైకిళ్ళకు, కార్లకు వాడే బ్లేడ్ ఫ్యూజు, దాని హోల్డర్ ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతాయి. ఫ్యూజు లేకుండా వైరు ఎక్కడైనా నలిగి రెండూ కలిస్తే బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. వైరు ఎర్రగా కాలి, పక్కన డీజిల్ డబ్బా ఉంటే పడవే అంటుకుంటుంది. ఊడిపోయే మొసలి క్లిప్పుల కంటే బోల్టు వేసి బిగించే లగ్గులు మేలు.

మీటరు మాట వినండి

కొన్ని వందల రూపాయలకు వచ్చే మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉండాలి. వాడకం, ఛార్జింగ్ రెండూ ఆపి, కనీసం గంటసేపు వదిలేసి టెర్మినల్స్ మీద కొలవాలి. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీకి లెక్క ఇలా ఉంటుంది.

12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు.
12.4 ఉంటే ముప్పావు.
12.2 ఉంటే సగం. ఇక్కడ ఆపేయాలి.
12.0 ఉంటే పావు మాత్రమే మిగిలింది.
11.8 ఉంటే దాదాపు ఖాళీ. వెంటనే ఛార్జింగ్ పెట్టాలి.

ల్యాప్‌టాప్ నడుస్తుండగా కొలిస్తే ఒకటి రెండు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. దానికి కంగారు పడనక్కర్లేదు. సోలార్ కంట్రోలర్లు బ్యాటరీ దిగినప్పుడు వాటంతట అవే ఆపేస్తాయి కదా అనుకోవద్దు. చాలావాటిలో 11 వోల్టుల దాపుల్లో కోత పెట్టి ఉంటుంది. అప్పటికే బ్యాటరీకి జరగాల్సిన హాని జరిగిపోతుంది.

పాత బ్యాటరీ మీద 100 ఏహెచ్ అని రాసి ఉన్నా అంత ఉండదు. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. బ్యాటరీని పూర్తిగా నింపి, కొంతసేపు ఆగి, 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి 5 గంటలు వెలిగించండి. సుమారు 23 ఆంపియర్ గంటలు ఖర్చవుతాయి. బల్బు తీసేసి గంట ఆగి కొలవండి. 12.4 దగ్గర ఉంటే బ్యాటరీ బాగున్నట్టు. 12.2కు పడిపోయిందంటే దాని సత్తా సగానికి వచ్చింది. పైన చెప్పిన గంటలన్నీ మీకు సగమే అని లెక్క వేసుకోవాలి. ఈ పరీక్ష అక్టోబర్‌లో తుపాన్ల రోజులు రాకముందే చేసుకోవటం మంచిది.

మళ్ళీ నింపుకోవటం

ఆల్టర్నేటర్ ఉన్న ఇంజను అయితే పడవ నడిచినంతసేపూ బ్యాటరీ నిండుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్, ఫోన్లు నింపుకునే పని పడవ ప్రయాణంలో ఉన్నప్పుడే పెట్టుకోండి. అప్పుడు బ్యాటరీ మీద భారం పడదు. అయితే సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం ల్యాప్‌టాప్ తీసేయాలి. ఆ క్షణంలో వోల్టేజి 9, 10కి పడి, వెంటనే పైకి ఎగురుతుంది. ఆ ఊపుకు సున్నితమైన సామాను పాడవుతుంది. ల్యాప్‌టాప్ నింపటం కోసమే ఇంజను ఆడించటం మాత్రం డీజిల్ దండగ.

సోలార్ పలక పెట్టుకుంటే నిశ్చింత. 100 వాట్ల పలక మిట్టమధ్యాహ్నం 5 ఆంపియర్ల పైన ఇస్తుంది. మంచి ఎండ రోజున సుమారు 25 ఆంపియర్ గంటలు చేరతాయి. బ్యాటరీలో పోయే తరుగు తీసేసినా 250 వాట్ గంటలు మిగులుతాయి. అంటే ల్యాప్‌టాప్ ఏడు గంటలు నడుస్తుంది. పలకకు, బ్యాటరీకి మధ్య ఛార్జ్ కంట్రోలర్ ఉండి తీరాలి. పలక మీద కొబ్బరాకు నీడ ఒక మూల పడినా రాబడి బాగా పడిపోతుంది. తుపాను మబ్బు రోజుల్లో పలక మీద ఆశ పెట్టుకోవద్దు. నాలుగో వంతు వచ్చినా గొప్పే. పెనుగాలి వస్తుందంటే పలకను ఊడదీసి లోపల పెట్టుకోవాలి.

సగం దిగిన లెడ్-యాసిడ్ బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీద తెల్లటి పొర గట్టిపడి ఇక ఛార్జి ఎక్కదు. వాడిన రోజే, లేదా కరెంటు వచ్చిన వెంటనే పూర్తిగా నింపాలి.

కొత్తగా లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. బరువు తక్కువ. సగం కాదు, నూటికి 80 వంతుల దాకా వాడుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువ. వాటికి తగిన ఛార్జర్ వేరే ఉంటుంది. పాత లెడ్-యాసిడ్ బ్యాటరీతో జతగా కలపకూడదు. పైన ఇచ్చిన వోల్టుల లెక్క కూడా వాటికి వర్తించదు.

ఉప్పుగాలి, యాసిడ్: జాగ్రత్తలు

మన సముద్రపు గాలికి ఇనుమే తినేస్తుంది, టెర్మినల్స్ ఎంత? తెల్లగా, పచ్చగా పొడి పడితే వైర్లు విప్పి, వేడినీళ్ళలో వంట సోడా కలిపి కడగాలి. మూతలు గట్టిగా పెట్టి ఉండాలి. ఆరాక బిగించి పైన వ్యాజలైన్ రాయాలి. వైర్లు విప్పేటప్పుడు ముందు నల్లది, తగిలించేటప్పుడు ముందు ఎర్రది. స్పానర్ రెండు టెర్మినల్స్‌కూ ఒకేసారి తగలనివ్వద్దు.

సెల్స్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్ళు, కాలువ నీళ్ళు పనికిరావు. ఉప్పునీరు లోపలికి దిగితే బ్యాటరీ పాడవటమే కాదు, క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అందుకే బ్యాటరీని పడవ అడుగున నీళ్ళు చేరే చోట కాకుండా, ఎత్తుగా చెక్కపెట్టెలో పెట్టి తాడుతో కట్టాలి. పెట్టెకు గాలి ఆడే కంతలు ఉండాలి. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దాని పక్కన బీడీ వెలిగించటం, దీపం పెట్టటం చేయకూడదు. యాసిడ్ కంట్లో పడితే ధారగా మంచినీళ్ళతో పావుగంట కడిగి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

పడవ లేని రైతుకు

కూచిపూడి, మొవ్వ, ఘంటసాల వైపు రైతుకు పడవ ఉండకపోవచ్చు. ట్రాక్టరో, ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీయో ఉంటుంది. లెక్క ఒక్కటే. ట్రాక్టర్ బ్యాటరీ అంటే ఇంజను బ్యాటరీ. దాన్ని ఫోన్లవరకే వాడండి. తుపాను మర్నాడు కూలిన చెట్టు లాగాలన్నా, జబ్బు చేసినవాళ్ళను తీసుకెళ్ళాలన్నా ఆ ట్రాక్టరే స్టార్ట్ కావాలి. ఇంటి ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఇన్వర్టర్ స్విచ్ ఆపేసి, దాని 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీకి ఫ్యూజుతో ఒక కారు సాకెట్ బిగించుకుంటే చాలు. 150 ఏహెచ్ బ్యాటరీ అయితే సగంలో 900 వాట్ గంటలు. రోజుకు మూడు ఫోన్లు, నాలుగు గంటలు రెండు ఎల్‌ఈడీ బల్బులు, రెండు గంటలు ల్యాప్‌టాప్ వాడినా అయిదు రోజుల దాపు వస్తుంది.

తుపాను కబురు వినగానే

కరెంటు ఉన్నప్పుడే బ్యాటరీ, ల్యాప్‌టాప్, ఫోన్లు అన్నీ నిండుగా నింపండి. కరెంటు పోతే సెల్ టవర్లు కూడా కొన్ని గంటల్లో ఆగిపోవచ్చు. కనుక పాసు పుస్తకం, ఆధార్, పంట నమోదు కాగితాలు, బీమా రసీదుల ఫొటోలు ముందే ల్యాప్‌టాప్‌లోనూ, ఫోన్‌లోనూ దాచుకోండి. నష్టం రాయటానికి వచ్చినవారికి నెట్టు లేకపోయినా అవి చూపించవచ్చు. ల్యాప్‌టాప్ తెర వెలుతురు తగ్గించండి. నెట్టు అవసరం లేనప్పుడు వైఫై ఆపండి. పని అయిపోగానే మూత మూసి వదిలేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి.

గుర్తుంచుకోవాల్సినవి

1. ఇంజను బ్యాటరీతో ల్యాప్‌టాప్ నడపవద్దు. వాడకానికి వేరే ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకోండి.
2. ఇన్వర్టర్ కంటే నేరుగా డీసీ ఛార్జర్ మేలు. 100 ఏహెచ్ బ్యాటరీ మీద 12 గంటలు నడిచే ల్యాప్‌టాప్ 18 గంటలు నడుస్తుంది.
3. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ దగ్గరే 10 ఆంపియర్ల ఫ్యూజు.
4. 12.2 వోల్టుల దగ్గర ఆపేయండి. వాడిన తర్వాత ఆలస్యం చేయకుండా నింపండి.
5. 24 వోల్టుల పడవలో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీయవద్దు.
6. సెల్ఫ్ కొట్టేటప్పుడు ల్యాప్‌టాప్ తీసేయండి.
7. ముందు రేడియో, ఫోను, తర్వాత లైటు. మిగిలితేనే ల్యాప్‌టాప్.